ఆ 'ట' ఎక్కడ పోయింది?

మొన్న మంగళవారం కోర్టు బయట టీ బడ్డీ దగ్గర ఒకాయన నన్నాపి ఒక సాయం అడిగాడు. చిన్న సాయమే. చేయలేక, చేయనని మొహం మీద చెప్పలేక ఇంటికొచ్చేసి, రెండ్రోజులు అదే ఆలోచిస్తూ ఇప్పుడు ఇది రాస్తున్నా. ఆయన సంగతి ఆఖర్న చెప్తా, ముందే చెప్పేస్తే మీకు నా మీద జాలో కోపమో వచ్చేసి మిగతాది సరిగ్గా చదవరు. ముందు 18 కేజీల 600 గ్రాముల సంగతి చెప్పాలి.

నేను క్రిమినల్ సైడ్ ప్రాక్టీసు మొదలెట్టి రెండేళ్ళు దాటింది, ఇంకా సీనియర్ గారి ఆఫీసులోనే ఫైళ్ళు మోస్తూ, వాయిదాలు రాసుకుంటూ, ఆయన పక్క కోర్టులో ఇరుక్కుపోయినప్పుడు లేచి "పాస్ ఓవర్ సర్", అంటే మా కేసు కాసేపాగి పిలవండి, అంటూ బతికేస్తున్నా. క్లయింటు చెప్పింది బయటపెట్టకూడదు కాబట్టి కేసుల్లో ఊళ్ళు, వయసులు, ఇంకొన్ని వివరాలు మార్చేశాను. అంటే పేపరోళ్ళు క్రైమ్ వార్తలు ఉన్నదున్నట్టు రాయరని గోల పెట్టే ఈ పోస్టులో నేనూ ఉన్నదున్నట్టు రాయడం లేదు. అది గుర్తుపెట్టుకునే చదవండి.

పద్దెనిమిదిన్నరకీ ఇరవైకీ తేడా ఏంటి

సీనియర్ గారు "ఇది నువ్వే చూసుకో అమ్మా" అని పూర్తిగా నా చేతిలో పెట్టిన మొదటి గంజాయి కేసు అది. విశాఖలో క్రిమినల్ ప్రాక్టీసు అంటే సగం గంజాయే, ఏజెన్సీ నుంచి దిగే ప్రతి రోడ్డూ ఏదో ఒక రోజు మా టేబుల్ మీదకొచ్చి ఆగుతుంది. కుర్రాడు కారు డ్రైవరు. నర్సీపట్నం వైపు నుంచి ముగ్గుర్ని కిరాయికి ఎక్కించుకుని వస్తుంటే దారిలో చెకింగు, డిక్కీలో సంచులు, నలుగురూ లోపలికి. వాళ్ళమ్మ మా ఆఫీసుకొచ్చింది. ఆధార్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లో ఆధార్ లేదు, మడతపెట్టిన పేపర్ కటింగు ఉంది. నేను అడిగింది అరెస్టు చేసినవాళ్ళని కోర్టులో పెట్టేటప్పుడు పోలీసులిచ్చే రిమాండ్ రిపోర్టు కాపీ, ఆవిడ తెచ్చింది ఇది.

"ఏటమ్మా ఇలా రాసీసినారు. మా గుంటడు డ్రైవరమ్మా, కిరాయికెల్లాడు. ఆలు సంచుల్లో ఏటెట్టారో ఈడికేటి తెలుస్తాది."

కటింగులో ఉన్నది ఇరవై కేజీల గంజాయి, ముఠా గుట్టు రట్టు, సూత్రధారి ఫలానా. ఆ ఫలానా మా కుర్రాడే. ఫొటోలో మొహానికి ముసుగుంది గానీ కింద ఇంటిపేరు, తండ్రి పేరు, వీధి పేరు అన్నీ ఉన్నాయి, ఇక ముసుగెందుకో నాకర్థం కాదు.

తర్వాత కోర్టు నుంచి కాగితాలు తీశాను. పట్టుకున్నచోట సాక్షుల ముందు రాసే మధ్యవర్తుల రిపోర్టులో తూకం 18 కేజీల 600 గ్రాములు. మా కుర్రాడు ఏ-4, అంటే నాలుగో నిందితుడు, వాహనం నడిపిన వ్యక్తి, పాత కేసుల్లేవు. అంతే.

కేజీన్నర తేడాకి ఇంత రాద్ధాంతమా అనుకోవచ్చు మీరు, నేను లా చదవకపోతే అదే అనుకునేదాన్ని. మాదకద్రవ్యాల కేసులకుండే ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయికి 20 కేజీలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ. అది దాటాక శిక్ష పదేళ్ళ నుంచి మొదలై ఇరవై దాకా పోతుంది. బెయిలు అడిగితే 37వ సెక్షను గోడలా అడ్డం నిలబడుతుంది, ఈ మనిషి నేరం చేసుండడు, బయటికొస్తే మళ్ళీ చేయడు అని నమ్మడానికి కారణాలున్నాయని జడ్జిగారికే అనిపించాలి, బెయిలు దశలో ఆ మాట అనిపించడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. చార్జిషీటుకి పోలీసులకి 180 రోజులు దొరుకుతాయి. 20 లోపల ఉంటే, కేజీ దాటిన కేసుల్లో పదేళ్ళు అనేది పైగీత, కింద గీతే లేదు, 37 కూడా అడ్డురాదు. ఇంకా పిచ్చి సంగతేంటంటే చట్టం ప్రకారం సరిగ్గా ఇరవై కూడా కమర్షియల్ కాదు, దానికంటే ఎక్కువుండాలి. పేపర్లో రౌండు చేసిన ఆ అంకె వల్ల కోర్టులో మాకు నష్టమేం జరగలేదు, జడ్జిగారు చూసేది మధ్యవర్తుల రిపోర్టునే, బెయిలు వచ్చింది కూడా.

నష్టం జరిగింది ఆ తర్వాత.

బెయిలంటే ఆర్డరొచ్చిన సాయంత్రం తలుపు తీసేయడం కాదు కదా, ఇద్దరు ష్యూరిటీలు, అంటే జామీనుదార్లు, కావాలి, ఇంటి పన్ను రసీదులు పట్టుకుని వచ్చి సంతకాలు పెట్టాలి. పెడతానన్న మేనమామ పేపర్ చూశాడు, ఇరవై కేజీలట, పదేళ్ళకి తక్కువ పడదట, రేపు వీడు పారిపోతే నా ఇల్లు పోద్ది అని తప్పుకున్నాడు. ఇంకొకాయన ఫోనే ఎత్తలేదు. ఇంటి ఓనరు ఖాళీ చేయమన్నాడు, నిప్పు లేందే పొగ రాదు కదమ్మా అన్నాట్ట. బెయిలు ఆర్డరు చేతిలో పెట్టుకుని కూడా ఆ కుర్రాడు అడవివరం జైల్లో ఇంకో పదకొండు రోజులున్నాడు. ఆ పదకొండు రోజులూ ఏ కోర్టు ఇచ్చిన రిమాండో మీరే చెప్పండి.

తప్పుని తప్పు లేకుండా ఎక్కించాడు

నాకప్పుడు వయసూ కోపమూ రెండూ ఉన్నాయి, వయసు ఇప్పుడూ ఉందనుకోండి. ఆ వార్త రాసిన కంట్రిబ్యూటరు, అదే లోకల్ విలేకరి, కోర్టు దగ్గర రోజూ కనిపించే మనిషే. వెళ్ళి కడిగేశాను. పాపం అతను టీ గ్లాసు పక్కన పెట్టి, ఫోన్ తీసి, వాట్సాప్ గ్రూపులో వెనక్కి వెళ్ళి ప్రెస్ నోటు చూపించాడు. అందులో ఉంది: సుమారు 20 కేజీలు. గోనెసంచులతో కలిపి వేసిన లెక్క అని తర్వాత తేలింది.

"ఉన్నది ఉన్నట్టు ఎక్కించా మేడం, ఒక్కక్షరం మార్చలా."

నిజమే. మార్చలేదు. తప్పుని తప్పు లేకుండా కాపీ చేశాడు. మరి సూత్రధారి ఎక్కడిది అనడిగా. ప్రెస్ నోటులో "కీలక పాత్ర" అనుంది మేడం, డెస్కులో సూత్రధారి అయ్యుంటాడు, హెడ్డింగులు మా చేతిలో ఉండవు అన్నాడు. రిమాండ్ రిపోర్టులో డ్రైవరు, ప్రెస్ నోట్లో కీలక పాత్ర, పేపర్లో సూత్రధారి, వాళ్ళ వీధి వాట్సాప్ గ్రూపుకొచ్చేసరికి కింగ్‌పిన్. జీవితంలో ఒక్క ఇంక్రిమెంటు ఎరగని కుర్రాడికి ఒక్క రాత్రిలో మూడు ప్రమోషన్లు.

అతను ఇంకా చెప్పాడు. నోటు సాయంత్రం వస్తుంది, వార్త వెంటనే పోవాలి, పేజీ మూసేస్తారు, ఆలస్యమైతే పక్క పేపరోడికి వచ్చి మనకి రాలేదని ఆఫీసు నుంచి ఫోన్. రిమాండ్ రిపోర్టు నాకెవడిస్తాడు మేడం, మీకే కాపీ దొరకడానికి రెండ్రోజులు పట్టింది కదా. దానికి నా దగ్గర సమాధానం లేదు, నాకు నిజంగానే రెండ్రోజులు పట్టింది. పైగా అతనికొచ్చే డబ్బు నా స్టైపెండు కంటే తక్కువని ఆ రోజే తెలిసింది. నా స్టైపెండు ఎంతో చెప్పను, పరువు పోతుంది.

కుళాయి దగ్గర ఉన్న నీతి

అప్పట్నుంచి క్రైమ్ వార్తల్ని వేరేగా చదవడం అలవాటైంది, అబద్ధం ఎక్కడుందా అని కాకుండా ఈ మాట ఎవరన్నారు అని వెతుక్కుంటూ. వెతికితే తేలిందేంటంటే చాలా వార్తల్లో అబద్ధం ఉండదు. మొదటి పేరాలో "పోలీసులు తెలిపిన వివరాల ప్రకారం" అని ఒక్కసారి ఉంటుంది, గుడి బయట చెప్పులు విప్పినట్టు దాన్ని అక్కడ వదిలేసి లోపలికి వెళ్ళాక అన్నీ "చేశాడు", "దాచాడు", "పథకం పన్నాడు", "పారిపోయాడు". రాసినవాడు పక్కనుండి చూసినట్టు.

మన భాషలో ఇలాంటివాటికోసం ఒక అక్షరం ఉంది. ట. చేశాడట, దాచాడట, పారిపోయాడట. కళ్ళతో చూడనిదాన్ని చెప్పేటప్పుడు ఆ ట లేకుండా మాట్లాడితే మా వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు కూడా ఊరుకోరు, "నువ్వు చూశావేటే?" అని అక్కడే పట్టేస్తారు. ఊరందరి గుట్టూ మోసే కుళాయి దగ్గర కూడా పాటించే ఆ చిన్న మర్యాద జిల్లా పేజీలోకి ఎందుకెక్కదో నాకర్థం కాలేదు.

ఇదే ఆ కంట్రిబ్యూటర్ని అడిగా. "మేడం, 'ట' పెడితే పుకారు రాసినట్టుంటది, ఎవడూ నమ్మడు" అన్నాడు. నేను అడుగుతున్నదీ అదే కదా బాబూ అన్నా, పూర్తిగా నమ్మకపోవడమే కదా కావాల్సింది. నవ్వాడు. అయితే అతని మాటలో కూడా ఒక నిజం ఉంది. ఇంగ్లీషు పేపర్లలో ప్రతి వాక్యానికీ "అలెజ్డ్‌లీ", అంటే ఆరోపణ ప్రకారం, అని ఇంగువలా చల్లుతూనే ఉంటారు, చదివేవాళ్ళు దాన్ని కరివేపాకులా తీసి పక్కన పెట్టేస్తారు, ముద్దాయిలకి దానివల్ల పెద్దగా ఒరిగిందేం లేదు. రోజూ వాడితే ట కూడా అలాగే అరిగిపోతుందేమో. అయినా అరిగిపోయినా సరే ఉండాలనే నాకనిపిస్తుంది, అరిగిన చెప్పులైనా వట్టికాళ్ళ కంటే మేలు.

ట సంగతి అలా ఉంచితే, దాని జాగాలో మనోళ్ళు పెట్టే అలంకారాలు ఇంకో రకం. మాస్టారి మీద కేసు పడిందంటే విచారణ మొదలవకముందే కీచక టీచరు. దొంగతనం కేసైతే ఘరానా దొంగ. జైలుకెళ్తే శ్రీకృష్ణ జన్మస్థానం, ఇది మాత్రం నాకు రహస్యంగా ఇష్టం, ఎందుకంటే నేరం చేయకుండా జైల్లో ఉన్నవాళ్ళ కథ అది, రాసేవాళ్ళు గమనించుకోరు గానీ. "14 రోజుల రిమాండ్ విధించారు" అని రాస్తారు, "విధించారు" అన్నాక చదివేవాడికి అది శిక్షలాగే వినిపిస్తుంది, మా క్లయింట్ల బంధువులు ఎంతమంది "పద్నాలుగు రోజులే కదమ్మా, ఎలాగోలా గడిచిపోద్ది" అని నాతోనే అన్నారో లెక్కలేదు. రిమాండ్ పొడిగిస్తారని తెలీక, పదిహేనో రోజు వచ్చి ఇంకా వదల్లేదేంటని ఏడుస్తారు. ఇటువైపు తిరిగితే, బెయిలు వచ్చిందని రాస్తే తప్పించుకున్నాడు అనుకుంటారు.

కోర్టు భాష మాత్రం ఏం గొప్ప. మేము రోజూ అనే ముద్దాయి అనే మాటే తీసుకోండి. మా సీనియర్ గారికి ఉర్దూ వచ్చు, అక్కడ ముద్దయీ అంటే దావా వేసినవాడట, ఫిర్యాదు చేసినవాడట. మన దగ్గరికి వచ్చేసరికి మనిషి తిరగబడి బోనెక్కాడు. (చూశారా, నేను రెండుసార్లు ట పెట్టాను. నాకు ఉర్దూ రాదు కాబట్టి.)

బొమ్మల కొలువు

ప్రెస్ మీట్ల గురించి ఎక్కువ రాయను, టీవీలో మీరూ చూస్తుంటారు. టేబుల్ మీద ఫోన్లు, కట్టలు, సంచులు, కత్తి ఉంటే కత్తి, అన్నీ బొమ్మల కొలువులా పేర్చి, వెనకాల ముసుగులు వేసిన మనుషుల్ని నిలబెట్టి. చివర్లో తప్పకుండా వచ్చే మాట ఒకటుంది, "విచారణలో నేరం అంగీకరించాడు". పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా పనికిరాదు. ఇదేం నిన్న మొన్నటి రూలు కాదు, 1872 సాక్ష్యాధారాల చట్టంలో 25వ సెక్షను, 2024 జూలై నుంచి వచ్చిన కొత్త చట్టంలో 23. తెల్లవాళ్ళ ప్రభుత్వమే తన సొంత పోలీసుల్ని ఆ విషయంలో నమ్మలేదు. ఎన్‌డీపీఎస్‌లో అధికారుల ముందు ఇచ్చే వాంగ్మూలాలు కూడా ఒప్పుకోలు కింద చెల్లవని 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. కోర్టు గుమ్మం దాటనివ్వని ఆ వాక్యం మన ఇళ్ళలోకి మాత్రం పాలప్యాకెట్టుతో పాటే రోజూ పొద్దున్నే వచ్చేస్తుంది.

2023 సెప్టెంబర్లో సుప్రీంకోర్టు పోలీసుల మీడియా బ్రీఫింగుల మీద మార్గదర్శకాలు తయారు చేయమని కేంద్ర హోంశాఖకి మూడు నెలలు గడువిచ్చింది. ఆ ఆర్డరు చదివి చాలా సంబరపడ్డాను అప్పుడు. కానీ కారు డ్రైవరు కేసు తర్వాత అర్థమైంది, మార్గదర్శకం ఎంత గొప్పదైనా రాత్రి పేజీ మూసే టైమ్‌కి డెస్కులో కూర్చున్న కుర్రాడికి చేతిలో ఉన్న కాగితం ఒక్కటే, అది ఎవరిచ్చారో వాళ్ళదే ఆ రోజు కథ.

నాకు నచ్చని రెండు ఉదాహరణలు

ఇక్కడిదాకా రాసి, నేను ఒక వైపు నుంచే మాట్లాడుతున్నానా అని నాకే అనుమానమొచ్చింది. నా వాదనని కాస్త కుదిపేసే రెండు కేసులున్నాయి.

మొదటిది విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో 2007 డిసెంబర్లో హాస్టల్లో అత్యాచారానికీ హత్యకీ గురైన బీఫార్మసీ విద్యార్థిని కేసు. పేరు మీకందరికీ తెలుసు, అలాంటి కేసుల్లో బాధితురాలి పేరు రాయకూడదని చట్టం, అందుకే రాయట్లేదు. 2008లో సత్యంబాబుని పట్టుకున్నారు, 2010లో కింది కోర్టు శిక్ష వేసింది, 2017 మార్చిలో హైకోర్టు నిర్దోషి అని వదిలేసింది, అప్పటికి ఎనిమిదేళ్ళకి పైగా జైల్లో ఉన్నాడు. అయితే ఆ కేసులో మన మీడియా పోలీసుల మాటని గుడ్డిగా మోయలేదు. నరాల జబ్బుతో ఉన్నవాడు ఇదంతా ఎలా చేశాడు అని అరెస్టయిన రోజుల్లోనే అడిగినవాళ్ళున్నారు, ఆ అమ్మాయి తల్లే ఇతను కాదు అని మైకుల ముందు చెప్తే ఆ మాటని జనందాకా తీసుకొచ్చింది టీవీలూ పేపర్లే. అంటే అడగడం రాక కాదన్నమాట. పెద్ద కేసుకి అడుగుతారు, పేజీలో ఓ మూలన ఆరు లైన్ల కేసుకి అడగరు. నా క్లయింట్లందరూ ఆ ఆరు లైన్ల వాళ్ళే.

రెండోది మాకు ఇంకా దగ్గరిది, వాకపల్లి. 2007 ఆగస్టులో పాడేరు ఏజెన్సీలో కూంబింగుకి వెళ్ళిన పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండు మంది ఆదివాసీ మహిళలు చెప్పారు. 2023 ఏప్రిల్లో విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులైన 13 మంది పోలీసులనీ నిర్దోషులుగా వదిలేసింది. హెడ్డింగులు చూస్తే అంతే, కేసు కొట్టివేత, వీగిపోయింది. తీర్పులో ఇంకో ముక్క కూడా ఉంది, దర్యాప్తు అధికారులే సరిగ్గా దర్యాప్తు చేయలేదని, ఆ మహిళలకి న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వాలని. ఒకే కాగితంలో నిందితులు నిర్దోషులు, ఫిర్యాదు చేసిన వాళ్ళకి పరిహారం. హెడ్డింగులో ఇది పట్టదు. వీగిపోయింది అంటే చదివేవాడికి "వాళ్ళు అబద్ధం చెప్పారు" అనే వినిపిస్తుంది. నేను డిఫెన్సు లాయర్ని, వీగిపోవడం నా బతుకుతెరువు, అయినా ఆ మాట నాకు గుచ్చుకుంది. నిందితుడు అన్నప్పుడు దోషి అని వినిపిస్తుందని గొడవపెట్టేదాన్ని, నిర్దోషి అన్నప్పుడు ఫిర్యాది అబద్ధాలకోరు అని వినిపిస్తుందని ఎప్పుడూ నోరెత్తలేదు, వాకపల్లి తీర్పు చదివేదాకా ఆ ఆలోచనే రాలేదు.

మా నోరు

కంట్రిబ్యూటరు ఇంకో మాటన్నాడు ఆ రోజు, అది ముల్లులా ఉండిపోయింది. "మీ వెర్షన్ కోసం ఫోన్ చేస్తే మీలో ఎవరెత్తుతారు మేడం? ఎత్తినా కేసు పెండింగు, మాట్లాడకూడదు అంటారు. ఇక మేమేం రాయాలి?"

మా సీనియర్ గారి సూత్రం అదే, కేసు కోర్టులో గెలవాలి గానీ పేపర్లో కాదు. చాలా రోజులు దాన్ని వేదవాక్కు అనుకున్నా. కారణాలు మంచివే, క్లయింటు రహస్యాలుంటాయి, లాయర్లు పేపర్ల ద్వారా ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ రూలు 36 ఉంది, ఈ రోజు పేపర్లో ఒకటని రేపు క్రాస్ ఎగ్జామినేషన్లో ఇంకోటి అడిగితే ప్రభుత్వం తరఫు లాయరు పీపీ గారు ఊరుకోరు. కానీ మేం మౌనంగా ఉన్న జాగాని ఎవరో ఒకరు నింపేస్తూనే ఉంటారు కదా. ఒకసారి ధైర్యం చేసి మాట్లాడాను కూడా. ఇంకో కేసులో ఒక యూట్యూబ్ చానెల్ అబ్బాయి ఫోన్ చేస్తే, ఎఫ్ఐఆర్ అంటే ఆరోపణ మాత్రమేనండీ, చార్జిషీటు ఇంకా వేయలేదు, అని రెండే రెండు వాక్యాలు చెప్పా. సాయంత్రానికి వీడియో వచ్చింది, "నిందితుడి తరఫు లేడీ లాయర్ బుకాయింపు". మా నాన్న చూసి బుకాయించడమెందుకమ్మా, నిజం చెప్పేయొచ్చు కదా అన్నాడు. ఆయనతో వాదించడం కన్నా సుప్రీంకోర్టుకెళ్ళడం తేలిక.

మరి ఏం కావాలే నీకు అని నన్ను నేను అడుక్కుంటే పెద్ద కోరికలేం లేవు. వార్తలో ఎఫ్ఐఆర్ నంబరూ స్టేషను పేరూ వేస్తే ఎవరికైనా కోర్టుల వెబ్‌సైటు ఈకోర్ట్స్‌లో తర్వాత ఏమైందో వెతుక్కునే వీలుంటుంది. అరెస్టు రోజు ఎంత జాగా ఇచ్చారో తీర్పు రోజూ అందులో సగమైనా ఇవ్వాలి. రెండోది జరగదని నాకూ తెలుసు, కేసు తేలేసరికి నాలుగైదేళ్ళు, అప్పటికి ఆ రిపోర్టరు వేరే ఊళ్ళో ఉంటాడు, లేదా రియలెస్టేట్లో ఉంటాడు. కొట్టేసిన కేసు గుర్తుండేది ముద్దాయికి, వాళ్ళమ్మకి, ఆ ప్లాస్టిక్ కవరుకి.

మంగళవారం

ఇప్పుడు టీ బడ్డీ దగ్గరాయన.

పెందుర్తి వైపు ఒక ఊరు, గట్టు తగాదా, కర్రలతో కొట్టుకున్నారు, ఈయన తల పగిలింది, కేజీహెచ్‌లో కుట్లు పడ్డాయి. కొట్టినవాళ్ళ తరఫున వకాల్తా మాది. కేసు విచారణకొచ్చేలోపు పెద్దమనుషుల్లో కూర్చుని సర్దుకున్నారు. సాక్షులు ఒక్కొక్కరే బోనెక్కి మేం చూడలేదు, మాకు తెలీదు అన్నారు, ప్రభుత్వం తరఫు లాయరు ఏపీపీ గారు వీళ్ళు హాస్టైల్, అంటే ఎదురు తిరిగిన సాక్షులు, అని ప్రకటించి క్రాస్ చేసుకున్నారు. ఈయన కూడా చీకట్లో ఎవరు కొట్టారో చూడలేదన్నాడు. నా వంతు వచ్చినప్పుడల్లా లేచి "నిల్ సర్", అంటే నేనడిగేదేం లేదు, అన్నా. కేసు మొత్తంలో నేను మాట్లాడింది అంతే. కేసు కొట్టేశారు.

మర్నాడు పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. తప్పుడు కేసు అని తేలడంతో, నిందితుల తరఫు న్యాయవాది ఫలానా వాదనలతో ఏకీభవించి, న్యాయస్థానం నిర్దోషులుగా ప్రకటించింది. ఫలానా నేనే. పేపర్లో నా పేరు రావడం అదే మొదటిసారి. అక్షరం తప్పు లేకుండా ఇంటిపేరుతో సహా వచ్చింది. వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నా. అమ్మ దాన్ని కత్తిరించి లామినేషన్ చేయించింది, శ్రీకాకుళంలో ఉన్న పెద్దమ్మకి కూడా పంపింది. ఏ వాదనలతో ఏకీభవించారో నేను ఆ రోజు ఎవర్నీ అడగలేదు. తప్పుడు కేసు అన్న ముక్క చదివాను, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టైంది, దాటేశాను.

మంగళవారం ఆయన అడిగింది దాని గురించే. తల వంచి, జుట్టు పక్కకి తీసి మచ్చ చూపించాడు.

"రాజీ పడ్డామమ్మా, నిజమే. పిల్లలు ఒకే బడికెల్తారు, ఎన్నాళ్ళు కొట్టుకుంటాం. కానీ దెబ్బ అబద్ధం కాదు కదమ్మా. పేపర్లో తప్పుడు కేసని రాసీసినారు, ఊళ్ళో అందరూ నవ్వుతున్నారు, నన్ను అబద్ధాలోడిని సేసీసినారు. మీకు ఆలు తెలుసు కదా, కొంచెం మల్లీ రాయించండి."

ఆయన ఎదురుగానే కంట్రిబ్యూటరుకి ఫోన్ చేశా, పాత పరిచయమే కదా ఇప్పుడు. కంట్రిబ్యూటరు మొత్తం విన్నాడు.

"రాద్దాం మేడం. ఏమని రాయమంటారు? రాజీ అని రాస్తే ఆయన బోనులో ప్రమాణం చేసి చూడలేదన్నది ఏమవుద్దో మీకే తెలియాలి. పోనీ, సాక్షులు ఎదురు తిరగడంతో అని రాద్దాం, తప్పుడు కేసు తీసేద్దాం. అప్పుడు మీ వాదనలతో ఏకీభవించి అన్నది కూడా తీసేయాల్సొస్తది. మీ పేరుండదు. పర్లేదా?"

ఆయన మచ్చ మీద చెయ్యి పెట్టుకుని నా మొహంలోకే చూస్తున్నాడు. రేపు చెప్తా అన్నాను ఫోన్లో. ఈ రోజు గురువారం.